రాని విపత్తు: 1942 నాఁటి తూర్పుతీర సన్నాహములు

చరిత్రగ్రంథములు వచ్చిన విపత్తులను వర్ణించును. రాని విపత్తులను విడిచిపెట్టును. వచ్చిన యుప్పెనకుఁ దేదీ యున్నది, మృతుల లెక్క యున్నది. రాని యుప్పెనకు రెండును లేవు. అందుచే దానికొఱకుఁ బడిన శ్రమము కొన్నినాళ్లు పరిహాసమునకుఁ బాత్రమై పిమ్మట విస్మృత మగును. 1942వ సంవత్సరము ఏప్రిలు మాసమున మన తూర్పుతీరమున జరిగిన సన్నాహ మట్టిది. జపానుసేన మన నేలపై దిగలేదు. కాని దిగు నను శంకచే నగరములు ఖాళీ యయినవి, న్యాయస్థానము తరలినది, విశ్వవిద్యాలయము తరలినది, తాళపత్రగ్రంథములు పెట్టెల కెక్కి సముద్రమునకు దూరముగాఁ బోయినవి. ఇదియంతయు వ్యర్థప్రయాసమా? ఆనాఁటివారు పశ్చాత్తాపపడవలసినది కలదా? ఈ ప్రశ్నమును ఆనాఁటి స్థితిగతులఁ బట్టి విమర్శించుట యీ వ్యాసమున కుద్దేశము.

ఈ విమర్శమునకు అన్నవరము తగిన చూపుతావు. పంపానదీతీరమున, రత్నగిరి పాదమున, మద్రాసునుండి కలకత్తా పోవు నినుపదారిపై నున్న యీ గ్రామమునకుఁ గాకినాడ సుమారు 30 మైళ్లు, విశాఖపట్టణము సుమారు 75 మైళ్లు. ఇరుప్రక్కల నున్న యీ రెండు రేవులపైనను ఒక్కనాఁడే, 1942 ఏప్రిలు 6వ తేదీని, బాంబులు పడినవి. అంతకు ముందునాఁడు ఈస్టరు ఆదివారము; నాఁడు కొలంబో దాడికి గుఱియైనది. మన తీరముపైకి వచ్చిన విమానములు ఒజావా నౌకాధిపతి యధీనమున నున్న ర్యూజో యను విమానవాహకనౌకనుండి లేచినవి. ఆ దినములలోనే యాతని నౌకాబలము బంగాళాఖాతమున వర్తకపు టోడలఁ బెక్కింటిని ముంచివేసెను. విశాఖ రేవు 1933లోఁ దెఱవఁబడినది; మద్రాసునకుఁ గలకత్తాకును నడుమఁ బెద్ద యోడలు లోనికి వచ్చి నిలువఁదగిన క్రొత్తరేవు గావున శత్రువు దృష్టి దానిపైఁ బడుట వింత కాదు. మృతులు కొలఁదిమందియే. అయినను విశాఖజనులలోఁ బెక్కురు, బండ్లు దొరకినవారు బండ్లపైనను, దొరకనివారు కాలినడకను, లోనాడునకు వెడలిపోయిరి.

తరువాతి కాలపువా రీ పలాయనమును జెప్పుకొని నవ్విరి. నాలుగు బాంబులకే ఊరు విడిచిరఁట యని యాక్షేపము. ఆక్షేపించువారు ఆ జనులకు ఏప్రిలు నాఁటికిఁ దెలిసియున్న దేమో విచారింపరు. ఫిబ్రవరి 15వ తేదీని సింగపూరు లొంగిపోయెను. మార్చి 8వ తేదీని రంగూను పడెను. మార్చి 23వ తేదీని అండమానులు జపానువారి వశమయ్యెను. తెలుఁగువారికి వీనిలో రంగూను దూరదేశపు వార్త కాదు. గోదావరి, విశాఖ మండలములనుండి తరతరములుగా కూలికిని, వర్తకమునకును అక్కడికిఁ బోవు కుటుంబము లెన్నియో కలవు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవున నోడలెక్కినవా రగుటచే బర్మాలో మనవారికిఁ గోరంగీ లను పేరే కలిగినది.

1941 డిసెంబరు 23వ తేదీని రంగూనుపైఁ బడిన మొదటి బాంబులకు వేయిమందికి మించి మడిసిరి. అంతమంది చచ్చుటకు బాంబుల సంఖ్య యొక్కటియే కారణము కాదు. జనులు వీథులలో నిలిచి, తలలెత్తి, విమానములను వేడుకగాఁ జూచుచుండిరి. ఆ పిదప నడవులఁబడి, కొండలు దాఁటి, భారతదేశమునకు నడచివచ్చిన లక్షలజనములోఁ దెలుఁగువా రనేకులు. త్రోవలో రాలిపోయినవారును అనేకులు. ఇల్లు చేరినవారు చెప్పిన మాటలు మన తీరగ్రామములందు ఏప్రిలు నాఁటికి వేఁడిగా నున్నవి. వీథిలో నిలిచి చూచిన యూరి గతి విన్నవారు విమానధ్వని విని వీథిలో నిలువకుండుటను పిఱికితన మనుట న్యాయము కాదు.

ఇంకొక మాట. ఈ తీరపువారికి హెచ్చరిక లేక వచ్చు విపత్తు క్రొత్త గాదు. ఆ కోరంగియే 1839 నవంబరు తుపానుచేఁ జితికిపోయినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపైకి సముద్రము వచ్చినప్పుడు సుమారు 30,000 మంది మునిఁగిపోయిరి. అట్టి నేలపైఁ బుట్టినవారికి ముందుగాఁ గదలుట వంశానుగతమైన జ్ఞానము.

మద్రాసునకు మఱియొక జ్ఞాపకము కలదు. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎమ్డెను అను జర్మను నౌక యొక్కటి వచ్చి గుండ్లు కురిపించి బర్మా నూనెకంపెనీవారి చమురుతొట్లను దగ్ధము చేసిపోయెను. నాఁడు రేవున దీపములు వెలుఁగుచునే యుండెను. 1942లో నట్లు కాలేదు: రాత్రులు దీపములు మఱుఁగుపఱుపఁబడినవి, పెరళ్లలోఁ గందకములు త్రవ్వఁబడినవి, ఏప్రిలు రెండవ వారమునఁ బట్టణము విడువఁగలవారు విడువవలసినదని ప్రభుత్వమే తెలిపెను. ఉన్నతన్యాయస్థానము కోయంబత్తూరునకుఁ బోయెను. సచివాలయశాఖలు ఉదకమండలము మున్నగు తావులకుఁ జేరెను. ప్రజలకంటె ముందు దొరలు పరుగెత్తి రన్న నింద యప్పుడే పుట్టినది. అది యంత నిరాధారమును గాదు. వాల్తేరునందలి ఆంధ్రవిశ్వకళాపరిషత్తు గుంటూరునకుఁ దరలి, యుద్ధానంతరమున మఱలి వచ్చెను. విద్యార్థులకుఁ గలిగిన యిబ్బంది స్వల్పము కాదు గాని చదువు నిలిచిపోలేదు.

మన పత్రికాపాఠకులకు ముఖ్య మైనది గ్రంథముల విషయము. మద్రాసు ప్రాచ్యలిఖితపుస్తకభాండాగారమున బ్రౌనుదొర సేకరించిన తెలుఁగు ప్రతులును, కర్నలు మెకంజీ కూడఁబెట్టిన కైఫీయతులును ఉండెను. ఒక్కొక్క గ్రామము, ఒక్కొక్క దేవళము తన పూర్వవృత్తాంతము తాను జెప్పిన ట్లున్న యా కైఫీయతులు లేనిచో నాంధ్రదేశచరిత్రలో నెన్ని ప్రకరణములు శూన్యములుగా నుండునో పరిశోధకు లెఱుఁగుదురు. ముద్రితగ్రంథము కాలినచో వేఱొక యూర వేఱొక ప్రతి దొరకును. ఏకైకప్రతిగా నున్న తాళపత్రము కాలినచో గ్రంథమే కాలినది. ఎండిన యాకునకు బాంబు నేరుగాఁ దగులనక్కఱలేదు. ఇరుగుపొరుగున నంటుకొన్న యొక్క నిప్పురవ్వ చాలును. ఈ తాళపత్రసంపుటములు 1942లోఁ దిరుపతికిఁ దరలింపఁబడినవి. ప్రభుత్వపు రికార్డుకార్యాలయమునందలి ప్రాఁతపత్రములలోఁ బెక్కులు చిత్తూరు మండలమునకుఁ జేరినవి. కాకినాడలో ఆంధ్రసాహిత్యపరిషత్తువారి తాళపత్రసంచయ ముండెను. 1936లోఁ బ్రథమసంపుటము వెలువడిన సూర్యరాయాంధ్రనిఘంటువు పని యింకను ముగియలేదు. ఆ యూరి రేవుపైనను బాంబులు పడిన వని పైనఁ జెప్పితిమి. తెలుఁగుభాషయొక్క మూలధనములోఁ బెద్దభాగము ఆ వేసవిని శత్రువిమానముల కందుబాటులో నుండెను.

ఇది యూహామాత్ర మనరాదు. షాంఘైలో కమర్షియల్ ప్రెస్సువారి ప్రాచ్యగ్రంథాలయము 1932లో జపానువారి దాడియందుఁ గాలి బూడిద యయ్యెను. లక్షలకొలఁది సంపుటములు నశించెను. అందుండి యంతకు మునుపే యొక బ్యాంకు నేలకొట్టునకుఁ జేర్పఁబడిన యైదువందల పైచిలుకు అపూర్వగ్రంథములు మాత్రము మిగిలెను. వానిని మోయించిననాఁడు అగ్ని లేదు. బెల్జియమునందలి లూవెను విశ్వవిద్యాలయపు గ్రంథాలయము 1914లో నొకమాఱును, 1940లో నొకమాఱును దగ్ధ మయ్యెను. మద్రాసున బెట్టెలు కట్టించినవారికి ఈ దృష్టాంతములు చేతికందిన వార్తలు.

ఇఁక విపత్తు రాకుండుటకుఁ గారణమేమి? మన కందకములు గావు, మన పలాయనమును గాదు. సింహళముపై దండెత్తవలె నన్న జపాను నౌకాదళపు టాలోచనకు వారి పదాతిసైన్యాధికారులు సమ్మతింపరైరి. నగుమో నౌకాధిపతి తన యైదు విమానవాహకములతో వెనుకకు మరలెను. వానిలో మూఁడు, అకాగి, సోర్యూ, హిర్యూ, జూను మొదటివారమున మిడ్వే యుద్ధమున మునిఁగెను. తీరము తేఱుకొన్నది. కాని యీ యాలోచనములు యుద్ధానంతరమున శత్రువుల పత్రములు చదివిన పిమ్మట లోకమునకుఁ దెలిసినవి. ఏప్రిలులో విశాఖ వీథిలో నిలిచిన గృహస్థునకుఁ దెలియవు. 1943 అక్టోబరులో నొక జపాను విమానము మద్రాసుపైఁ గొన్ని బాంబులు వేసిపోవుటఁ బట్టి, శంక యప్పటికిని నిర్మూలము గాలేదని తెలియును.

సర్వసన్నాహమును సమర్థించుట నాకు సమ్మతము కాదు. మద్రాసు జంతుప్రదర్శనశాలలోని సింహవ్యాఘ్రాదులు, బాంబులకు బోనులు పగిలి వీథులఁ బడు నను భయముచే, ఆ ఏప్రిలులోనే కాల్చివేయఁబడెను. వంగదేశమున శత్రువునకు దక్కకుండుటకై తీరమండలములందలి పడవలు 40,000 కు మించి జనులకుఁ గాకుండఁ జేయఁబడినవి. బియ్యపు నిలువలు తొలఁగింపఁబడినవి. జాలరికిఁ బడవ లేదు, రైతునకు ధాన్యము చేర్చు త్రోవ లేదు. 1943 నాఁటి ఘోరమైన కఱవునకు బర్మాబియ్యము రాకుండుట, మిడ్నపూరు తుపాను, ధరల పెరుగుదల మున్నగు కారణములు పెక్కు కలవు. పడవల హరణము వానిలో నొకటి. ఇట్టి దగ్ధభూమి విధానమును గాంధీమహాత్ముఁడు హరిజన్ పత్రికలో 1942 లోనే నిరసించియుండెను. తిరుపతికిఁ బోయిన పెట్టె తిరిగి రాఁగలదు. గుంటూరునకుఁ బోయిన విద్యార్థి తిరిగి రాఁగలఁడు. త్రవ్విన కందకము పూడ్పఁదగును. చంపిన సింహమును, విఱిచిన పడవను మఱలఁ దెచ్చువాఁడు లేఁడు. పశ్చాత్తాపమునకుఁ దావున్నచో నిక్కడ నున్నది. విపత్తు వచ్చినదా రాలేదా యనుదానిచే దీనిని నిర్ణయింపరాదు. జపానుసేన దిగియున్నను వంగదేశపు జాలరికిఁ బడవ యక్కఱయే.

తొలఁగిన భయమును మనుజుఁ డెట్లు మఱచునో అన్నవరమున ననుదినము చదువఁబడు వ్రతకథయే చెప్పుచున్నది. సంతానము కలిగినచో వ్రతము చేసెద నన్న సాధువను వర్తకుఁడు, కూఁతురు కలావతి పుట్టఁగా, భార్య లీలావతి గుర్తుచేసినను, పెండ్లినాఁడు చేసెద ననెను. పెండ్లినాఁ డదియు మఱచెను. తుదకుఁ జంద్రకేతుని పురమునఁ జెఱపాలయ్యెను. 1942 జూను దాఁటిన వెనుక తీరపట్టణములందుఁ గందకములకుఁ బట్టిన గతి యించుమించుగా నిదియే: వాననీట నిండి దోమలకు నెలవై, పెంటకుప్పలకుఁ దావై, త్రవ్వించినవానినే జనులు తిట్టుకొనిరి. ఆక్షేపముచే నొకరికిఁ గీడు లేదు గాని, మఱునాఁ డెవరేని పెట్టెలు కట్టుఁ డనిన నా నవ్వే వారికి ముందుగా వినఁబడును.

యుద్ధము ముగిసిన పిదపఁ దాళపత్రసంపుటములు తిరుపతినుండి మద్రాసునకు మఱలి వచ్చెను. తరువాతి సంవత్సరములలో భాండాగారము తన యముద్రితగ్రంథములఁ గొన్నింటిని వరుసగా నచ్చువేయించి ప్రకటించెను. మెకంజీ కైఫీయతులను నేఁటికిని పరిశోధకులు చదువుచున్నారు. ఏ గ్రామపు వృత్తాంతము కావలసివచ్చినను ఆ కట్టలనే విప్పుచున్నారు.