లాహోర్ ఫ్లాపీ నుంచి ఆరు గంటల గడువు దాకా: మాల్‌వేర్‌పై నిఘా చరిత్ర

జీఎస్ పేపర్-3లో సైబర్ భద్రత అనగానే మనం సంస్థల పేర్లు, సంవత్సరాలు బట్టీ పడతాం. నేనూ అదే చేశాను. ఒక మాక్ టెస్టులో వైరస్‌కూ వర్మ్‌కూ తేడా ఎందుకు ముఖ్యమని అడిగితే, ఇంజనీరింగ్ చదివి కూడా సగం పేజీ నింపలేకపోయాను. మీకు ఆ ఇబ్బంది రాకూడదనే ఇది రాస్తున్నాను.

1986లో లాహోర్‌లో అల్వీ సోదరులు రాసిన 'బ్రెయిన్' ఐబీఎం పీసీలకు సోకిన తొలి వైరస్‌గా పేరుపొందింది. ఫ్లాపీ బూట్ సెక్టార్‌లో కూర్చునేది. అందులో వాళ్ల షాపు చిరునామా, ఫోన్ నంబర్లు కూడా ఉండేవి! కానీ ఫ్లాపీ చేతులు మారితేనే అది వ్యాపించేది. 1988 నవంబరు 2న అమెరికాలో బయటపడ్డ మోరిస్ వర్మ్ అలా కాదు. ఎవరి సాయమూ లేకుండా నెట్‌వర్క్ మీద తనంతట తానే పాకింది. ఆ నెలలోనే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తొలి 'సెర్ట్' ఏర్పడింది. గమనించండి, ఒకరి కంప్యూటర్‌కు పట్టిన జబ్బు ఊరందరికీ అంటుకునేదయ్యాకే ఉమ్మడి కాపలా అవసరమైంది.

మన ఐటీ చట్టం, 2000లోని సెక్షన్ 43 'కంప్యూటర్ వైరస్'ను, 'కంప్యూటర్ కంటామినెంట్'ను విడివిడిగా నిర్వచించింది. రెండోది చాలా విశాలం: డేటాను మార్చినా, చెరిపినా, యంత్రాన్ని చేజిక్కించుకున్నా అందులోకి వస్తుంది. పేరును బట్టి కాక చేసే పనిని బట్టి వర్గీకరించారు కాబట్టే, తర్వాత వచ్చిన రాన్సమ్‌వేర్ కూడా ఆ మాటలో ఇమిడిపోతుంది. నా దృష్టిలో ఇది మంచి ముసాయిదా.

సెర్ట్-ఇన్ 2004 జనవరి నుంచి పనిచేస్తోంది. 2008 సవరణతో వచ్చిన సెక్షన్ 70బి దానికి చట్టబద్ధ హోదా ఇచ్చింది. కీలక సమాచార మౌలిక వ్యవస్థలను చూసే ఎన్‌సీఐఐపీసీది 70ఎ. ప్రిలిమ్స్‌లో తికమక పడేది ఇక్కడే.

2017 ఫిబ్రవరిలో బాట్‌నెట్‌ల ఏరివేతకు సైబర్ స్వచ్ఛతా కేంద్రం మొదలైంది. మే 12న వానాక్రై వచ్చింది. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ విడుదల చేసింది. అయినా ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు సహా ఎన్నో దెబ్బతిన్నాయి. హెచ్చరిక ఉంది, మందూ ఉంది, వేసుకున్నవాళ్లే తక్కువ.

2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనలను ఆరు గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు తెలపాలి, లాగ్‌లను 180 రోజులు దాచాలి. మెయిన్స్‌లో రాసేటప్పుడు ఒక్క మాట మరవకండి: ఆ ఆరు గంటలు దాడి జరిగినప్పటి నుంచి కాదు, దాన్ని గమనించినప్పటి నుంచి లేదా ఎవరైనా చెప్పినప్పటి నుంచి. అసలు గమనించే ఏర్పాటే లేని ఆఫీసులో ఆ గడియారం ఎప్పుడు మొదలవుతుందో మీరే ఆలోచించండి.