శక్తి వాద్యబృందం: మూడేళ్ల కలయిక, పాలకొల్లు మాండలిన్

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• ‘సూపర్ గ్రూపు’ అనే మాటను ఉదాహరణలతో వివరించగలుగుతారు.
• శక్తి బృందం ఏర్పడడానికి, ఆగిపోవడానికి దారితీసిన పరిస్థితులను చర్చించగలుగుతారు.
• ఈ చరిత్రలో ఉప్పలపు శ్రీనివాస్ స్థానాన్ని అంచనా వేయగలుగుతారు.
• సంగీత రికార్డులను చారిత్రక ఆధారాలుగా ఎలా ఉపయోగించుకోవాలో తెలుసుకుంటారు.

9.1 పరిచయం

విశాఖపట్నంలో వినాయక చవితి రోజులు ఎలా ఉంటాయో మీకు తెలిసే ఉంటుంది. పోర్టు కాలనీలో గాని, ఉక్కునగరంలో గాని పందిరి వేశారంటే ఏదో ఒక రాత్రి ఆర్కెస్ట్రా ఉంటుంది. కీబోర్డు వాయించే ఆయన ఒక పార్టీ నుంచి వస్తాడు, ప్యాడ్స్ కొట్టే కుర్రవాడు మరో పార్టీ నుంచి, గాయని ఇంకో ఊరి నుంచి వస్తారు. ఆ రాత్రికి వాళ్లంతా ఒక జట్టు. తెల్లవారేసరికి ఎవరి దారి వారిది.

ప్రపంచ ప్రఖ్యాతి పొందిన కళాకారులు కలిసి కట్టే జట్లు ఇంతకంటే చాలా పెద్దవి. అయినా రెండింటి విషయంలోనూ మనం అడగవలసిన ప్రశ్న ఒక్కటే. ఎవరికి వారే పెద్దలైన కళాకారులు ఒకచోట ఎంతకాలం నిలవగలరు? నిలవకపోతే ఆ కలయికకు చరిత్రలో విలువ లేనట్లేనా? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని ఈ భాగాన్ని చదవండి.

9.2 ‘సూపర్ గ్రూపు’ అంటే ఏమిటి?

ఇతర బృందాలలో ఇప్పటికే పేరు తెచ్చుకున్న కళాకారులు కలిసి ఏర్పరచుకొన్న కొత్త బృందాన్ని ‘సూపర్ గ్రూపు’ అంటారు. 1960ల చివర బ్రిటన్, అమెరికాలలోని రాక్ సంగీతంలో ఈ మాట వాడుకలోకి వచ్చింది.

1966లో లండన్‌లో ఎరిక్ క్లాప్టన్, జాక్ బ్రూస్, జింజర్ బేకర్ కలిసి ‘క్రీమ్’ బృందాన్ని ప్రారంభించారు. 1968 నవంబరు 26న రాయల్ ఆల్బర్ట్ హాలులో వీడ్కోలు కచేరీలు ఇచ్చి విడిపోయారు. మరుసటి సంవత్సరమే క్లాప్టన్, బేకర్ ఇద్దరూ స్టీవ్ విన్‌వుడ్, రిక్ గ్రెచ్‌లతో కలిసి ‘బ్లైండ్ ఫెయిత్’ స్థాపించారు. 1969 జూన్ 7న లండన్ హైడ్ పార్కులో వారి తొలి కచేరీ వినడానికి భారీ జనం వచ్చారు. ఆగస్టులో విడుదలైన వారి ఏకైక ఆల్బమ్ బ్రిటన్, అమెరికా రెండు చోట్లా మొదటి స్థానానికి చేరింది. ఆ నెలాఖరులో అమెరికా పర్యటన ముగిసేసరికి బృందమూ ముగిసింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ పర్యటనలో శ్రోతలు కొత్త పాటలకంటే క్రీమ్, ట్రాఫిక్ బృందాల పాత పాటలనే ఎక్కువగా కోరారు. పాత పేరు జనాన్ని రప్పించింది. ఆ పేరే కొత్త సంగీతానికి అడ్డు నిలిచింది. సూపర్ గ్రూపులన్నింటిలోనూ ఈ చిక్కు ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది.

9.3 శక్తి బృందం ఏర్పాటు

శక్తి అచ్చమైన రాక్ బృందం కాదు. అయితే దాన్ని ప్రారంభించిన జాన్ మెక్‌లాఫ్లిన్ రాక్, జాజ్ కలిసే చోటు నుంచి వచ్చినవాడు. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో 1942లో జన్మించిన ఈ గిటారిస్టు మైల్స్ డేవిస్ రికార్డింగులలో పాల్గొన్నాడు. 1971లో ‘మహావిష్ణు ఆర్కెస్ట్రా’ స్థాపించాడు. పెద్ద శబ్దంతో, విద్యుత్ వాద్యాలతో సాగిన ఆ బృందం అతనికి విశేష ఖ్యాతి తెచ్చింది. అదే కాలంలో అతడు అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఎస్. రామనాథన్ వద్ద వీణ నేర్చుకొన్నాడు.

ఖ్యాతి ఇంకా ఉండగానే మెక్‌లాఫ్లిన్ విద్యుత్ గిటారును పక్కన పెట్టాడు. నేలమీద కూర్చొని వాయించే నలుగురైదుగురు కళాకారులతో శక్తి బృందాన్ని కట్టాడు. అందులోని వారు:

• ఎల్. శంకర్ – వయొలిన్. వి. లక్ష్మీనారాయణ అయ్యర్ కుమారుడు, ఎల్. సుబ్రహ్మణ్యం సోదరుడు.
• జాకిర్ హుసేన్ – తబలా. అల్లా రఖా కుమారుడు. కాలిఫోర్నియాలో అలీ అక్బర్ ఖాన్ స్థాపించిన కళాశాలలో తబలా నేర్పుతుండేవాడు.
• టి.హెచ్. ‘విక్కు’ వినాయకరామ్ – ఘటం. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి కచేరీలకు సహకరించిన విద్వాంసుడు.
• రామనాడ్ రాఘవన్ – మృదంగం. తొలి దశలో మాత్రమే ఉన్నాడు.

1975 జూలై 5న న్యూయార్క్ రాష్ట్రంలోని సౌతాంప్టన్ కళాశాలలో జరిగిన కచేరీ రికార్డింగే వీరి మొదటి ఆల్బమ్‌గా 1976లో వెలువడింది.

9.4 వారు పరిష్కరించిన సమస్యలు

ఈ కలయికలో ఇబ్బందులు సంగీతంలోనే ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి రెండు.

మొదటిది గమకం. కర్ణాటక సంగీతంలో స్వరం ఒకచోట నిలబడి ఉండదు, ఊగుతుంది, జారుతుంది. గిటారు మీద మెట్లు స్థిరంగా ఉంటాయి కాబట్టి తీగను బాగా లాగితే తప్ప గమకం పలకదు. మెక్‌లాఫ్లిన్ తన కోసం ప్రత్యేకంగా ఒక గిటారు చేయించుకొన్నాడు. దాని మెట్ల మధ్య చెక్కను లోతుగా తొలిచారు. అందువల్ల వేలితో తీగను ఎక్కువ దూరం లాగడం వీలైంది. మామూలు ఆరు తీగల కింద, అనునాదం కోసం మరో ఏడు తీగలను ఏటవాలుగా అమర్చారు.

రెండవది లయ. తబలా హిందుస్తానీ సంప్రదాయానికి చెందినది. ఘటం, మృదంగం కర్ణాటక సంప్రదాయానివి. తాళాల పేర్లు వేరు, జతుల పలుకులు వేరు, ముగింపులు కట్టే పద్ధతులూ వేరు. మన దేశంలోనే ఈ రెండు సంప్రదాయాల లయ విద్వాంసులు ఒకే జట్టుగా ఏళ్ల తరబడి వాయించడం ఆనాడు అరుదు. కాబట్టి శక్తిని ‘తూర్పు, పడమరల కలయిక’ అని మాత్రమే చెబితే చరిత్ర సగమే చెప్పినట్లవుతుంది. అది ఉత్తర, దక్షిణ భారత సంగీతాల కలయిక కూడా.

9.5 ఎందుకు ఆగింది?

శక్తి మూడు ఆల్బమ్‌లు వెలువరించి 1978లో ఆగిపోయింది. చరిత్ర విద్యార్థులుగా మీరు దీనికి ఒక్క కారణాన్నే వెతకకండి. ఆధారాలను పక్కపక్కన పెట్టి చూడండి.

మొదటి ఆల్బమ్‌లో మూడే అంశాలున్నాయి. వాటిలో ఒకటి దాదాపు 29 నిమిషాల పాటు సాగుతుంది. 1977లో వచ్చిన మూడవ ఆల్బమ్ ‘నేచురల్ ఎలిమెంట్స్’లో ఎనిమిది అంశాలున్నాయి. వాటిలో ఏదీ ఎనిమిది నిమిషాలకు చేరదు. కచేరీ పద్ధతి నుంచి రికార్డు పద్ధతికి బృందం జరిగిందని ఈ లెక్క సూచిస్తుంది. విద్యుత్ గిటారును ఆశించే శ్రోతల ముందు మెల్లని శబ్దంతో కూర్చొని వాయించడం వ్యాపారపరంగా తేలిక కాదు. 1978లోనే మెక్‌లాఫ్లిన్ ‘ఎలక్ట్రిక్ గిటారిస్ట్’ అనే పేరుతో ఆల్బమ్ తెచ్చాడు. పాత వాద్యానికి తిరిగి వచ్చానని ఆ పేరే చెబుతున్నది.

మిగిలినవారికీ సొంత దారులు తెరిచి ఉన్నాయి. ఎల్. శంకర్ 1979లో సొంత ఆల్బమ్ తెచ్చాడు. జాకిర్ హుసేన్, వినాయకరామ్ తరవాతి కాలంలో మికీ హార్ట్ రూపొందించిన ‘ప్లానెట్ డ్రమ్’లో కలిశారు. సూపర్ గ్రూపు స్వభావమే ఇది. బయట చోటు ఉన్నవారినే అది చేర్చుకొంటుంది, ఆ చోటే వారిని తిరిగి పిలుస్తుంది.

9.6 పాలకొల్లు మాండలిన్

1997లో ‘రిమెంబర్ శక్తి’ అనే పేరుతో ఈ బృందం మళ్లీ వేదిక ఎక్కింది. మొదట హరిప్రసాద్ చౌరాసియా వేణువు వాయించారు. ఆ తరవాత వచ్చినవారు ఉప్పలపు శ్రీనివాస్.

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించారు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ కళాకారుడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే శిష్యుడు దాన్ని తీగ మీద పలికించేవాడు. అందువల్ల ఆ పిల్లవాడి చేతికి వాద్యం అలవాటుకంటే ముందు గాత్రం అలవాటైంది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొలి కచేరీ చేశారు. అమెరికాలో పుట్టిన శక్తి ఆగిపోయిన ఏడాది కూడా అదే.

9.4లో చెప్పిన గమకం సమస్యను గుర్తుచేసుకోండి. మాండలిన్‌కూ మెట్లు ఉంటాయి. పైగా దాని నాదం మీటిన వెంటనే ఆరిపోతుంది. శ్రీనివాస్ జంట తీగలు తీసివేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకొన్నారు, విద్యుత్ మాండలిన్ ఎంచుకొన్నారు. దానితో నాదం నిలిచింది. నిలిచిన నాదాన్ని గమకంగా మలచడం సాధ్యమైంది. మెక్‌లాఫ్లిన్ విద్యుత్తు వదిలి చేరుకొన్న చోటికి శ్రీనివాస్ విద్యుత్తు పట్టుకొని చేరుకొన్నారు. ఒకే వేదిక మీద వారిద్దరూ అంత సహజంగా ఎలా ఇమిడారో దీనివల్ల అర్థమవుతుంది.

పరాయి వాద్యం మనదైపోవడం ఉత్తరాంధ్రకు కొత్త కాదు. విశాఖపట్నంలో పెరిగిన ద్వారం వెంకటస్వామి నాయుడు 1919లో విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరబోయి వయొలిన్ ఆచార్యుడిగా నియమితులయ్యారు. ఒకనాడు ఐరోపా నుంచి వచ్చిన వయొలిన్‌ను నేడు పరాయిదని ఎవరూ అనరు. మాండలిన్‌కు ఆ గౌరవం ఒక్క మనిషి జీవితకాలంలోనే దక్కింది.

ఆ జీవితకాలం మాత్రం చిన్నది. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో శ్రీనివాస్ మరణించారు. అప్పటికి ఆయన వయసు 45 సంవత్సరాలు. ఆయన లేని శక్తి 2023లో ‘దిస్ మొమెంట్’ ఆల్బమ్ తెచ్చింది. దాని మొదటి అంశానికి ‘శ్రీనిస్ డ్రీమ్’ అని ఆయన పేరు పెట్టారు. ఆ ఆల్బమ్‌కు 2024 ఫిబ్రవరిలో గ్రామీ పురస్కారం వచ్చింది. అదే సంవత్సరం డిసెంబరు 15న జాకిర్ హుసేన్ కన్నుమూశారు.

9.7 సారాంశం

బ్లైండ్ ఫెయిత్ కొన్ని నెలలు, శక్తి మూడేళ్లు నిలిచాయి. రెండూ పేరున్నవారి కలయికలే. ఒకటి పాత పేరు బరువుకు వంగిపోయింది. రెండవది, ఆగిపోయినా, ఒక పద్ధతిని మిగిల్చింది. ఆ పద్ధతి ఉన్నందువల్లనే ఇరవై ఏళ్ల తరవాత పాలకొల్లు నుంచి వచ్చిన ఒక కళాకారుడు అందులో తన చోటు చూసుకోగలిగాడు. కాబట్టి ఒక బృందాన్ని అంచనా వేసేటప్పుడు అది ఎన్నేళ్లు నిలిచిందని మాత్రమే అడగకండి. దాని తరవాత వచ్చినవారికి ఏ పని సులువైందో కూడా అడగండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. మెక్‌లాఫ్లిన్, శ్రీనివాస్ గమకం సమస్యను ఎలా పరిష్కరించుకొన్నారు? పోల్చి రాయండి.
2. శక్తిని ‘తూర్పు, పడమరల కలయిక’ అని మాత్రమే అనడం ఎందుకు సరిపోదు?
3. ‘లోటస్ ఫీట్’ అనే అంశం 1976 నాటి ఆల్బమ్‌లో వయొలిన్‌తో, 1999 నాటి ‘రిమెంబర్ శక్తి’లో వేణువుతో, 2000 నాటి ‘ది బిలీవర్’లో మాండలిన్‌తో వినిపిస్తుంది. వీలైతే మూడూ విని, ఏది మారిందో, ఏది మారలేదో ఒక పుటలో రాయండి.
4. మీ ఊరిలో కొద్దికాలమే నడిచి ఆగిపోయిన ఒక భజన బృందం, బ్యాండు మేళం లేదా ఆర్కెస్ట్రా గురించి అందులో పాల్గొన్నవారిని అడిగి తెలుసుకోండి. అది ఎందుకు ఆగింది? దానివల్ల ఎవరు ఏమి నేర్చుకొన్నారు?