ఒక ఘటన, ఒక ఎఫ్‌ఐఆర్: యమున ఆవలి కోర్టు చరిత్ర

తూర్పు ఢిల్లీలోని లక్ష్మీనగర్ నుంచి మెట్రోలో తూర్పు దిశగా సాగితే మూడో స్టేషను కర్కర్‌దూమా. 1958లో ప్రారంభమైన తీస్ హజారీ ప్రాంగణం ఢిల్లీ జిల్లా కోర్టులకు ప్రధాన కేంద్రంగా ఉండగా, యమునకు ఆవల విస్తరించిన జనావాసాల కోసం 1993లో కర్కర్‌దూమా కోర్టుల సముదాయం వెలసింది. నిందితుని రక్షణ, బాధితుని హక్కు అనే రెండూ ఒకే కాగితంపై ఎంతగా ఆధారపడతాయో ఈ కోర్టు చరిత్ర తెలియజేస్తుంది.

ఆ కాగితం ఎఫ్‌ఐఆర్, అంటే నేరం జరిగినట్టు పోలీసులకు అందిన తొలి సమాచారపు నమోదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 154వ సెక్షను, 2024 జులై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షను దీనికి ఆధారం. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదును రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకుని, ఫిర్యాదుదారుకు నకలు ఉచితంగా ఇవ్వాలన్నది నియమం. ఫిర్యాదు ఏ గంటకు నమోదైంది, అందులో ఎవరి పేర్లున్నాయి, నకలు మేజిస్ట్రేటుకు ఎప్పుడు చేరింది అన్నవి నిందితుని తరఫు న్యాయవాది మొట్టమొదట పరిశీలించే విషయాలు. ఎందుకంటే జాప్యం జరిగినచోట పేర్లు తర్వాత చేర్చారన్న వాదనకు తావు ఏర్పడుతుంది.

1984 అక్టోబరు 31న ప్రధాని ఇందిరాగాంధీ హత్య జరిగిన మర్నాటి నుంచి సిక్కులపై సాగిన దాడుల్లో, అధికారిక లెక్క ప్రకారమే ఢిల్లీలో 2,733 మంది మరణించారు. అత్యవసర పరిస్థితి కాలంలో పునరావాస కాలనీగా వెలసిన త్రిలోక్‌పురిలో, ముఖ్యంగా 32వ బ్లాకులో, మారణకాండ అతి తీవ్రంగా సాగింది. అయితే కల్యాణ్‌పురి పోలీసు స్టేషనులో అక్కడి హత్యలను, దహనాలను, దోపిడీలను 426/84 అనే ఒకే ఎఫ్‌ఐఆర్ కిందకు చేర్చారు. ఎవరి మరణానికి ఎవరు బాధ్యులో, దానికి సాక్షులెవరో విడివిడిగా తేల్చే దారి అప్పటికి మూసుకుపోయింది. ప్రతి వేర్వేరు నేరానికి వేర్వేరు అభియోగం ఉండాలని కోడ్‌లోని 218వ సెక్షను చెప్పేది నిందితుడు తాను దేనికి జవాబు చెప్పాలో స్పష్టంగా తెలుసుకోవడానికే గనుక, ఈ కలగాపులగం బాధితులతో పాటు నిందితులకూ అన్యాయమే.

1995లో కర్కర్‌దూమా కోర్టు అదనపు సెషన్స్ న్యాయమూర్తి ఎస్.ఎన్. ధింగ్రా ఆ ఉమ్మడి చలానును, అంటే పోలీసులు దాఖలు చేసిన అభియోగపత్రాన్ని, విడగొట్టించిన తర్వాతే హత్య కేసులు విడిగా విచారణకు వచ్చాయి. 1996 ఆగస్టులో అదే న్యాయమూర్తి అల్లర్లు, గృహదహనం, కర్ఫ్యూ ఉల్లంఘన నేరాల కింద 89 మందికి శిక్ష విధించగా, 2018 నవంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పును సమర్థిస్తూ, 95 శవాలు దొరికినా వీరిపై హత్యాభియోగమే లేకపోవడాన్ని ఎత్తిచూపింది. 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ప్రత్యక్షంగా గుర్తుపట్టిన సాక్ష్యం లేదంటూ, వారిలో 15 మందిని నిర్దోషులుగా విడిచిపెట్టింది.

ఈ వైఫల్యాన్ని ముందుగా బయటపెట్టినవి పౌరహక్కుల సంఘాలు. పీయూడీఆర్, పీయూసీఎల్ కలిసి 1984 నవంబరులోనే నిజనిర్ధారణ నివేదిక ప్రచురించాయి. ఆ దాడులపై విచారణ జరిపిన మిశ్రా కమిషన్ ముందు బాధితుల పక్షాన నిలిచిన సిటిజన్స్ జస్టిస్ కమిటీలో ఉన్న వి.ఎం. తార్కుండే, 1977లో ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్లపై విచారణ జరిపిన కమిటీకి అధ్యక్షులు. ఆ కమిటీకి కార్యదర్శి కె.జి. కన్నబిరాన్. తెలుగునాట సమస్య వేరు: పోలీసు కాల్పుల్లో మనిషి చనిపోతే, హత్యాయత్నం చేశాడంటూ మృతునిపైనే కేసు నమోదయ్యేది. కాల్చినవారిపై ఎఫ్‌ఐఆర్ నమోదు కావాలని, ఆత్మరక్షణ వాదన విచారణలో తేలాలని 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. దానిపై స్టే వచ్చినా, 2014లో సుప్రీంకోర్టు పీయూసీఎల్ కేసులో ఎన్‌కౌంటర్ మరణాలకు ఎఫ్‌ఐఆర్‌ను, స్వతంత్ర దర్యాప్తును తప్పనిసరి చేసింది.

2020 ఫిబ్రవరి నాటి ఈశాన్య ఢిల్లీ అల్లర్ల కేసులు మళ్లీ కర్కర్‌దూమాకే చేరినప్పుడు లోపం తిరగబడి కనిపించింది. ఒకే ఆవరణలోని ఇళ్ల దహనంపై జాఫ్రాబాద్ స్టేషనులో ఐదు ఎఫ్‌ఐఆర్‌లు నమోదు కాగా, ఒకే ఘటనపై రెండో ఎఫ్‌ఐఆర్ చెల్లదన్న 2001 నాటి టి.టి. ఆంటొనీ తీర్పును అనుసరించి, 2021 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు నాలుగింటిని కొట్టివేసింది. ఎఫ్‌ఐఆర్‌లు పెరిగేకొద్దీ నిందితుడు కేసుకొక బెయిలు, బెయిలుకొక జామీనుదారు వెతుక్కోవాలి. తగ్గితే మృతుల కుటుంబాలకు విచారణే దక్కదు. ఘటనల సంఖ్యను ఎఫ్‌ఐఆర్‌లో యథాతథంగా ఉంచడం వల్ల ఇరుపక్షాల హక్కులూ ఒకేసారి నిలుస్తాయన్నది ఈ కోర్టు మూడు దశాబ్దాల కేసుల సారాంశం.