కృతిపతి నుండి రికార్డు కంపెనీ వరకు

పాట పాడుట ఒక విద్య. పాడిన పాటను ఒకరి చేతిలో పెట్టుట వేరొక విద్య. మొదటిది నేర్పు గురువులు మనకు అనేకులు కలరు. రెండవది నేర్పువారు అరుదు.

ఆ మధ్య జనగామ ప్రాంతపు యువగాయకుడొకడు మా వద్దకు వచ్చినాడు. ఒగ్గుకథ చెప్పు కుటుంబమువాడు. ఒక చిన్న రికార్డు కంపెనీవారు అతని పాటలను విడుదల చేయుటకు ముందుకు వచ్చి, ఒప్పందపత్రము పంపినారట. ఒకే మొత్తము ఇత్తుము, హక్కులన్నియు శాశ్వతముగా మావి అని దాని సారాంశము. పత్రము ఇంగ్లీషులో ఉన్నది. “సంతకము పెట్టవచ్చునా, సార్?” అని అతడు అడిగినాడు. ఈ ప్రశ్న అతని ఒక్కనిది కాదు. దాని వెనుక చాల చరిత్ర కలదు.

ఆ జనగామ జిల్లాలోనిదే బమ్మెర గ్రామము. 15వ శతాబ్దిలో పోతన తన భాగవతమును సర్వజ్ఞ సింగభూపాలునికి అంకితమీయక, శ్రీరామునికి అర్పించినాడని ప్రతీతి. దీనిని మనము భక్తికి నిదర్శనముగా చెప్పుకొందుము. ఆ కాలపు ఒడంబడిక తీరు కూడ ఇందులో కనబడును. కృతిపతి ధనమో అగ్రహారమో ఇచ్చును. కవి కావ్యాదిలో అతని వంశమును కీర్తించును. కాని కృతిపతికి దక్కునది పేరు మాత్రమే. ఆ కావ్యమును ఎవరైనను వ్రాసికొనవచ్చును, చదువవచ్చును, పాడుకొనవచ్చును. పద్యము ప్రజల నోటనే ఉండిపోయెడిది.

1902లో గ్రామఫోను కంపెనీవారు కలకత్తాలో గౌహర్ జాన్ మొదలగువారి గానమును ముద్రించిన నాటినుండి ఈ లెక్క మారినది. మన దేశములో గొంతు మనిషిని విడిచి ఒక వస్తువైనది. ఆ వస్తువు మాతృక ఎవరి బీరువాలో ఉన్నదో, దానిపై పెత్తనము వారిదైనది. 1931లో గ్రామఫోను, కొలంబియా కంపెనీలు లండనులో ఏకమైనవి. ఆ పెద్ద సంస్థల నడుమనే మద్రాసులో సరస్వతీ స్టోర్స్, హచ్చిన్స్ వంటివి నిలిచినవి. తరువాత సుప్రసిద్ధ సంగీతదర్శకుడైన సాలూరి రాజేశ్వరరావు, బాలుడుగా ఉన్నప్పుడే హచ్చిన్స్ రికార్డులకు పాడినాడు. సామాన్యముగా పెద్ద కంపెనీ పేరున్న గొంతును వెదకును; చిన్న కంపెనీ దొరికిన గొంతుకు పేరు తేజూచును. చిన్నవారి వద్దకు పోవుటలోని లాభమిది. ఆ సంస్థ మూతపడిన నాడు మాతృకలు ఎవరి పాలగునో తెలియకపోవుట అందులోని నష్టము.

ఇక మన పల్లెపాట సంగతి. పాత రికార్డు ఒక వైపున సుమారు మూడు నిమిషములు మాత్రమే తిరిగెడిది. రాత్రియంతయు సాగు మల్లన్న కథ అందులో ఇముడుట ఎట్లు? 1963లో ఫిలిప్స్ వారు వెలువరించిన క్యాసెట్టు, 1980 దశకములో మన ఊళ్లకు చేరిన పిదపనే ఇట్టి దీర్ఘకథలకు తావు దొరికినది. మాణిక్యాపురమునకు చెందిన ఒగ్గుకథా విద్వాంసుడు, 2017లో దివంగతుడైన చుక్క సత్తయ్య, అప్పిరెడ్డిపల్లెకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు, 2024లో పద్మశ్రీ పొందిన గడ్డం సమ్మయ్య ఈ నేలవారే. నేడు మహబూబాబాద్ తండా పాటయైనను, భూపాలపల్లి గనికార్మికుని పాటయైనను సెల్‌ఫోనులో లోకమంతయు తిరుగగలదు. అడ్డంకి యంత్రమునది కాదు, కాగితమునది.

1957 నాటి కాపీరైటు చట్టము గాయకునికి గాయకుడుగా ఏ హక్కును ఈయలేదు. 1994 సవరణ ప్రదర్శకుల హక్కును కల్పించినది. నేడు దాని పరిమితి 50 ఏండ్లు. 2012 సవరణ, వాణిజ్య వినియోగమున గాయకునికి రాయల్టీ దక్కవలెనన్నది. పాట వ్రాసినవాడు, స్వరపరచినవాడు తమ రాయల్టీ భాగమును వదులుకొందుమన్నను చట్టము ఒప్పదు. పత్రములో గడువు వ్రాయనిచో ఐదేండ్లే. ప్రదేశము వ్రాయనిచో భారతదేశమే. రచయిత ఎవరో తెలియని తరతరాల పాట ఎవరి సొత్తును కాదు. కంపెనీకి దక్కునది ఆ రికార్డింగు మాత్రమే.

ఆకాశవాణిలో మేమును కళాకారులకు ఒప్పందపత్రములు పంపువారమే. కనుక ఈ మాటలు ఇతరులకు చెప్పునవి మాత్రమే కావు.

సంతకము వలదని మేము ఆ యువకునితో అనలేదు. సంతకము లేనిదే పాట ఊరు దాటదు. నాలుగు సంగతులు అడుగుమన్నాము: ఎన్ని పాటలు? ఎన్నేండ్లు? రాబడిలో భాగమెంత, లెక్క చూపునదెవరు? ఇతరుల కొరకు, ఊరి జాతరలో, పాడుకొను స్వేచ్ఛ ఉన్నదా?

అతడు కొంతసేపు ఊరకుండి, “మా తాత చెప్పిన కథ గూడ ఇందులో పోతదా, సార్?” అన్నాడు. కథ పోదు, నీవు చెప్పిన తీరు పోవచ్చునన్నాము. శాశ్వతముగా అన్న మాట క్రింద పెన్సిలుతో గీత గీసికొని, పత్రమును మడిచి జేబులో పెట్టుకొని, కంపెనీవారితో మాట్లాడి వత్తునని వెళ్ళినాడు.

పోతన కాదనగలిగినాడు. కాదను శక్తి అందరికి ఉండదు. అడుగు హక్కు మాత్రము అందరికి కలదు.