రంజాను బజారున క్షీరశబ్దము

శ్రీరాంపూరు మునుపు ఆదిలాబాదు మండలమునను, 2016 నుండి మంచిర్యాల మండలమునను చేరిన బొగ్గుగనుల యూరు. రంజాను మాసాంతమున ఇట్టి యూళ్ల బజారులందు సేమ్యాలును, ఖర్జూరములును విరివిగా అమ్ముడగును. ఈదునాడు వీనిని పాలలో వండిన పాయసమే 'షీర్ ఖుర్మా'.

ఈ నామమును అన్యదేశ్యమని త్రోసివేయుట పండితులకు పరిపాటి. విచారింపగా, పారసీకమున షీరనగా పాలు, ఖుర్మాయనగా ఖర్జూరము. షీరు మన క్షీరశబ్దమునకు సోదరము. పారసీకము దీనిని సంస్కృతమునుండి ఎరువు తెచ్చుకొన్నది కాదు. ఉభయభాషలకును మూలమైన ప్రాచీనభాషనుండియే రెంటికిని సంక్రమించినది. ఆద్యక్షరము ఇరానీయశాఖలో 'ఖ్ష' యై, పిమ్మట కేవల షకారమైనది. బజారుశబ్దమును పారసీకమే. అరబ్బీ దుకాణశబ్దమును ఆ ద్వారముననే మనకు వచ్చినది.

ఈ బజారు కలిగినవారి కొరకే కాదు. పండుగ నమాజునకు ముందే బీదలకు ధాన్యమునో, దాని వెలనో 'ఫిత్రా'గా ఈయవలెనని నియమము. ఆనాడు పేదయింటను పొయ్యి వెలుగవలెననుటయే దాని తాత్పర్యము.

కావున బడిలో క్షీరశబ్దమును బోధించు పండితుడు పొరుగింటి గిన్నెలోని షీరును గూడ చూపవలెను. చూపనిచో విద్యార్థికి శబ్దము వచ్చును గాని, దాని చుట్టరికము తెలియదు.