సమష్టి బేరసారాల పరిధి: లంబసింగి మన్యం

కూలి, పనిగంటలు, సెలవులు వంటి విషయాల మీద కార్మిక సంఘమూ యాజమాన్యమూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని, రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవడాన్ని సమష్టి బేరసారాలు అంటారు. అలాంటి ఒప్పందం మొత్తం కార్మికుల్లో ఎంతమందికి వర్తిస్తుందో చెప్పేది దాని పరిధి. యూనియన్ సభ్యత్వం వేరు, ఈ పరిధి వేరు. ఫ్రాన్సులో యూనియన్ సభ్యులు దాదాపు పదిమందిలో ఒక్కరే. అయినా ఒక రంగంలో కుదిరిన ఒప్పందాన్ని ప్రభుత్వం ఆ రంగమంతటికీ వర్తింపజేస్తుంది కాబట్టి పదిమందిలో తొమ్మిదిమందికి పైగా దాని కిందికి వస్తారు. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగిలో పరిస్థితి ఇందుకు పూర్తిగా వేరు. ఇక్కడ కష్టం చేసే మనుషులు ఉన్నారు, కొందరికి యూనియనూ ఉంది. చాలామందికి ఎదుట కూర్చుని సంతకం పెట్టే యజమానే కనబడడు.

రోడ్డు కూలి

మన్యంలో కూలి తగవు వందేళ్ల నాటిది. 1920ల మొదట్లో నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులను బలవంతంగా పనిలోకి దించాడు. ఇవ్వాల్సిన కూలిలో కోత పెట్టాడు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అప్పటికే పోడుకు అడ్డుకట్ట వేసింది. కొండమీద సేద్యం పోయింది, కొండకింద వెట్టి మిగిలింది. బట్టిపనుకులకు చెందిన గాం గంటందొర, మల్లుదొర సోదరులకు బాస్టియన్‌తో వచ్చిన వైరం వారిని అల్లూరి సీతారామరాజు వెంట నడిపించింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్‌పై దాడి జరిగింది. ఈ పోరాటాన్ని స్వాతంత్ర్య గాథగా చదువుకుంటాం, అది సరైనదే. కానీ దాని వేళ్లలో ఒకటి ఎగ్గొట్టిన కూలి. ఆ కూలి గురించి అడగడానికి సంఘం లేదు, అడిగితే వినే చట్టమూ లేదు. ఏడుగురు కలిస్తే సంఘం నమోదు చేసుకోవచ్చన్న ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది 1926లో, రాజు నేలకొరిగిన రెండేళ్లకు. యాజమాన్యంతో కుదిరిన ఒప్పందానికి చట్టబలం ఇచ్చిన పారిశ్రామిక వివాదాల చట్టం 1947 నాటిది. రాజు వెంట నడిచిన మల్లుదొర మాత్రం 1952లో తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు.

ప్రపంచంలో, తెలుగునాట

ధనిక దేశాల కూటమి ఓఈసీడీ సభ్యదేశాల్లో 1985లో సుమారు 45 శాతం ఉద్యోగులకు ఉమ్మడి ఒప్పందాలు వర్తించేవి. 2017 నాటికి అది 32 శాతానికి జారింది. రంగం మొత్తానికి ఒకే ఒప్పందం చేసుకునే ఆస్ట్రియా, స్వీడన్ వంటి చోట్ల పరిధి నిలబడింది. సంస్థ సంస్థకూ విడిగా బేరమాడే అమెరికా, బ్రిటన్‌లలో కుంగిపోయింది. భారత్‌లో శ్రామికుల్లో పదింట తొమ్మిది వంతుల మంది అసంఘటిత రంగంలోనే ఉన్నారు. సంఘం పెట్టుకునే హక్కుకు, సమష్టి బేరసారాల హక్కుకు సంబంధించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 87, 98వ ఒప్పందాలను మన దేశం నేటికీ ఆమోదించలేదు.

తెలుగునాట బేరం బలంగా సాగిన చోటు సింగరేణి. బొగ్గు కార్మికుల వేతనాలపై దేశవ్యాప్త ఒప్పందాలు 1970ల నుంచి కుదురుతున్నాయి. పదకొండోది 2023లో సంతకమైంది. సింగరేణిలో గుర్తింపు సంఘాన్ని 1998 నుంచి రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకుంటున్నారు. అక్కడా కాంట్రాక్టు కార్మికులకు ఆ ఓటు లేదు. ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీది మరో దారి. యూనియన్లతో వేతన ఒప్పందాలు చేసుకుంటూ వచ్చిన సంస్థ ఉద్యోగులు 2020 జనవరి 1న ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. ఇప్పుడు వారి జీతం వేతన సవరణ సంఘం (పీఆర్సీ) సిఫార్సు మీద ప్రభుత్వ ఉత్తర్వుతో తేలుతుంది. ఘాట్ ఎక్కే బస్సు డ్రైవరుకు ఉద్యోగ భద్రత వచ్చింది, ఒప్పందం మీద సంతకం పోయింది.

కొండ మీద

లంబసింగి చుట్టుపక్కల కాఫీ చాలావరకు గిరిజన రైతులదే. ఎకరమో రెండెకరాలో సొంత తోట ఉన్న మనిషికి యజమాని ఉండడు. ఆయన అడిగేది కూలి కాదు, గింజకు ధర. ఆ ధర విషయంలో 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఎదుట ఉంటుంది. అటవీ శాఖ 1960లలో మొదలుపెట్టగా తర్వాత అటవీ అభివృద్ధి సంస్థ చేతికి వచ్చిన తోటల సంగతి వేరు. అక్కడ పండ్లు ఏరేవారికి యజమాని ఎవరో స్పష్టం. బేరానికి చోటున్నది అక్కడే.

ఉపాధి హామీ పనిలో కూలి కేంద్రం ప్రకటించేది. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌కు రోజుకు 300 రూపాయలు. ఆ 300 కూడా కొలత కుదిరితేనే. రాళ్ల నేలలో గడ్డపార దిగదు. పొద్దున్నుంచి తవ్వినా గొయ్యి లోతు తగ్గుతుంది. టేపు పట్టి లెక్క రాసుకున్నాక చేతికొచ్చేదీ తగ్గుతుంది. శ్రమశక్తి సంఘాల పేరుతో కూలీలను జట్లుగా కట్టారు గానీ, కూలి రేటు మీద మాట్లాడే అధికారం వాటికి లేదు.

అంగన్‌వాడీ కార్యకర్తలకు వచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. వారు ప్రభుత్వ ఉద్యోగులు కారని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. గ్రాట్యుటీకి మాత్రం అర్హులేనని 2022లో తీర్పిచ్చింది. 2023 డిసెంబరు 12 నుంచి రాష్ట్రమంతటా వారు 42 రోజులు సమ్మె చేశారు. మధ్యలో ప్రభుత్వం అత్యవసర సేవల చట్టం (ఎస్మా) ప్రయోగించింది. చివరకు చర్చలతోనే సమ్మె ముగిసింది. చట్టం యజమానిని చూపించకపోయినా, సంఘబలం ప్రభుత్వాన్ని చర్చలకు రప్పించగలదని ఆ 42 రోజులు రుజువు చేశాయి.

చలికాలంలో పర్యాటకుల కోసం గుడారాలు వేసేవారు, స్ట్రాబెరీ తోటల్లో దినకూలికి పోయేవారు ఏ ఒప్పందం కిందికీ రారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి ప్రకారం, ఒకటికి మించి సంఘాలున్న చోట మస్టరు రోలులో ఉన్న కార్మికుల్లో 51 శాతం మద్దతున్న సంఘానికే ఏకైక బేరసారాల హక్కు దక్కుతుంది. ఏ మస్టరులోనూ పేరు లేని దినకూలీలు ఆ 51 శాతంలోనూ లేరు, మిగిలిన 49 శాతంలోనూ లేరు.