గాంధారికి వచ్చిన డన్‌లప్ పరుపు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయవలసిందిగా సంఘం వారు కోరినప్పుడు, నేను కోటల గురించో రాజుల గురించో రాస్తానని అనుకుని ఉంటారు. గాంధారి ఖిల్లా మన గాంధారిలో లేదు, మంచిర్యాల జిల్లాలో ఉంది. చుట్టాలు ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు గనుక ఈ మాట ముందే చెప్పాను. నేను రాయబోయేది పరుపు చరిత్ర. అరవై దాటినవారికి రాజుల కన్నా పరుపుతోనే పని ఎక్కువ. పైగా పదవీ విరమణ డబ్బు చేతికి రాగానే మనలో చాలామంది కొనే వస్తువుల్లో అదొకటి.

మా చిన్నతనంలో గాంధారి చుట్టుపక్కల పరుపు అందరి ఇళ్లలో ఉండేది కాదు. నులక మంచం, దాని మీద బొంత, చలికాలమైతే గొంగడి. పాత చీరలు, ధోవతులు పొరలు పొరలుగా పరచి ఆడవాళ్లు మధ్యాహ్నాలు కూర్చుని కుట్టినదే బొంత. గొంగడి కురుమల మగ్గం మీద దక్కనీ గొర్రెల నల్ల ఉన్నితో తయారయ్యేది. దానికి చింతగింజల గంజి పట్టించేవారు. పరిస్తే పక్క, కప్పుకుంటే దుప్పటి, వానొస్తే గొడుగు. ఇన్ని పనులు చేసే వస్తువు నేటి దుకాణంలో ఒక్కటీ కనబడదు.

కలిగినవారి ఇళ్లలో దూది పరుపు ఉండేది. దూదేకులవారు విల్లు తెచ్చి, వాకిట్లో కూర్చుని, నారి మీటుతుంటే దూది మబ్బులా లేచేది. మెత్తలకు బూరుగు దూది వాడేవారు. దూది పరుపుకున్న లోపమల్లా ఒకటే. ఒంటి బరువుకు గడ్డలు కట్టి, మధ్యలో పలచబడుతుంది. అందుకే కొంతకాలానికోసారి విప్పి మళ్లీ ఏకించాలి, తరచుగా ఎండలో వేయాలి. ఈ ఎండ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

‘డన్‌లప్’ అనే మాట నేను మొదట విన్నది 1970లలో, ఒక పెళ్లిలో. ‘పిల్లకు డన్‌లప్ పరుపు పెట్టిండ్రట’ అని ఆడవాళ్లు గొప్పగా చెప్పుకున్నారు. ఆ డన్‌లప్ ఎవరో మాలో ఎవరికీ తెలియదు. జాన్ బాయిడ్ డన్‌లప్ స్కాట్లండులో పుట్టిన పశువైద్యుడు. బెల్‌ఫాస్ట్‌లో ఉంటూ 1888లో గాలి టైరుకు పేటెంటు పొందాడు. పరుపుతో ఆయనకు ఏ సంబంధమూ లేదు. ఆయన 1921లోనే కన్నుమూశాడు. 1929లో బర్మింగ్‌హాంలో, ఆయన పేరు పెట్టుకున్న కంపెనీలో, ఇ.ఎ. మర్ఫీ అనే శాస్త్రజ్ఞుడు రబ్బరు పాలను నురుగుగా గిలకొట్టి గట్టిపరిచే పద్ధతి కనిపెట్టాడు. ఇంట్లో కేకు పిండి గిలకొట్టే యంత్రంతోనే మొదట ప్రయత్నించాడని చెబుతారు.

పద్ధతి వినడానికి తేలికే. చెట్టు నుంచి తీసిన పాలలో సగానికి పైగా నీరే ఉంటుంది. యంత్రంలో తిప్పి, రబ్బరు అరవై శాతానికి వచ్చేదాకా చిక్కబరుస్తారు. పాలు విరగకుండా అమ్మోనియా కలుపుతారు. తర్వాత సబ్బు, గంధకం చేర్చి నురుగు వచ్చేలా గిలకొట్టి, తోడు వేసినట్లుగా మరో రసాయనం కలిపి, అచ్చులో పోసి ఆవిరి పడతారు. అచ్చు నిండా లోహపు పుల్లలుంటాయి. వేడి లోపలిదాకా చేరడానికి అవి అవసరం. లేటెక్స్ పరుపులో కనబడే వరుస రంధ్రాలు ఆ పుల్లల గుర్తులే. గాలి ఆడటం మనకు కలిసొచ్చిన లాభం. తర్వాత టలాలే అనే రెండో పద్ధతి వచ్చింది. అందులో అచ్చులోని గాలి లాగి నురుగును పొంగించి, గడ్డకట్టించి, ఆ తర్వాత ఉడికిస్తారు. ఆ పరుపు కొంచెం తేలిక, ఖరీదు ఎక్కువ.

ఇక చెట్టు సంగతి. 1876లో హెన్రీ వికాం అనే ఆంగ్లేయుడు బ్రెజిల్ నుంచి దాదాపు 70,000 రబ్బరు గింజలు లండన్ దగ్గరి క్యూ తోటకు చేర్చాడు. అక్కడ మొలిచిన మొక్కలు సింహళానికి, మలయాకు వచ్చాయి. మన దేశంలో వ్యాపార సాగు 1902లో కేరళలోని తట్టేకాడ్‌లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో మారేడుమిల్లి వైపు కూడా రబ్బరు తోటలున్నాయి. డన్‌లప్ కంపెనీ 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో టైర్ల ఫ్యాక్టరీ పెట్టింది. ఎన్నోమార్లు మూతపడి తెరుచుకున్న ఆ ఫ్యాక్టరీలో 2011లో పని పూర్తిగా నిలిచిపోయింది. మద్రాసులో ఎం.ఎం. రబ్బర్ కంపెనీ లేటెక్స్ నురుగు పరుపులు తయారుచేసింది. కొబ్బరి పీచుకు రబ్బరు పాలు పట్టించిన పరుపులూ బాగా వ్యాపించాయి.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. 1937లో జర్మనీలో ఒటో బేయర్ బృందం పాలియురితేన్ కనిపెట్టింది. 1950లలో దాని నురుగు పరుపుల్లోకి దిగింది. అది పెట్రోలియం రసాయనాల సరుకు. తేలిక, చౌక. సరుకు మారినా మన నోట పేరు మారలేదు. ఏ వనస్పతి అయినా డాల్డా అయినట్లే, ఏ నురుగు పరుపైనా డన్‌లపే అయింది. నాతో పనిచేసిన మిత్రుడొకరు పీఆర్సీ బకాయిలు రాగానే ఒక దుకాణానికి పోయి డన్‌లప్ పరుపు అడిగాడు. ‘ఇదే డన్‌లప్ సార్’ అన్నాడు దుకాణదారు. వాడుక భాష ప్రకారం ఇద్దరూ అబద్ధమాడలేదు. రెండేళ్లకు ఆ పరుపు నడుమ గుంత పడింది. కీళ్ల నొప్పులున్న ఆ వదినమ్మ ఎవరైనా చెయ్యందిస్తే తప్ప అందులోంచి లేవలేకపోయేది.

కాబట్టి ‘లేటెక్స్’ అని విడిగా అడగండి. అదీ చాలదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, జపాన్ మలయాను ఆక్రమించగానే అమెరికాకు రబ్బరు కరువై కృత్రిమ రబ్బరు ఉత్పత్తి ఒక్కసారిగా పెరిగింది. కృత్రిమ లేటెక్స్ నేటికీ ఉంది, చెట్టు పాలతో కలిపి కూడా వాడతారు. అందుకని చెట్టు పాలు ఎంత శాతమో బిల్లు మీద రాయించుకోవాలి. పరుపు ఎత్తి చూడండి. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఆరంగుళాల మందం ఉన్న లేటెక్స్ పరుపు 20 కిలోల దరిదాపుల్లో తూగుతుంది. మామూలు ఫోమ్ అయితే అందులో సగం కూడా ఉండదు. అయితే ఫోమ్ ముక్కలు అతికించి అదిమిన పరుపు కూడా బరువుంటుంది. గలేబు జిప్పు తీయించి చూస్తే రంగురంగుల ముక్కలు కనిపిస్తాయి. లేటెక్స్ ఒకే మీగడ రంగులో, వరుస రంధ్రాలతో ఉంటుంది. జిప్పు తీయనివ్వని దుకాణంలో నేనైతే కొనను. ఇంట్లో ఎవరికైనా రబ్బరు పడకపోతే ఈ పరుపు ఆలోచనే మానుకోవాలి.

నడుము నొప్పికి గట్టి చెక్క మీద పడుకోవాలని మనకు చాలాకాలం చెప్పారు. 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన స్పెయిన్ పరిశోధనలో, దీర్ఘకాలపు నడుము నొప్పి ఉన్న 313 మందిని పరీక్షించగా, బాగా గట్టి పరుపు కన్నా మధ్యరకం గట్టిదనం ఉన్నదే మేలని తేలింది. దుకాణంలో సిగ్గుపడకుండా పది నిమిషాలు పడుకోండి, పక్కకు తిరగండి, ఒక్కరే లేచి కూర్చోండి. లేవడం కష్టమైతే అది మీకు మెత్తదనం ఎక్కువైన పరుపు. నులక మంచం మీద మాత్రం వేయకండి, కింద సమంగా ఉండాలి. పలకల మధ్య సందులుంటే మంచిది.

ఇక ఎండ. దూది పరుపును ఎండేసిన చేతులు ఊరుకోవు. వేసవి రాగానే మిద్దె మీదికి ఎక్కిస్తాయి. దూదికి ఎండ ఔషధం, రబ్బరుకు విషం. ఎండ తగిలితే అది పెళుసెక్కి పొడి రాలుతుంది. మోకాళ్లకు రాసుకునే నూనె అంటితే ఉబ్బి చెడుతుంది. నీడలో గాలికి నిలబెడితే చాలు, పైన మందపు చెద్దరు పరవాలి. గ్యారంటీ కార్డులో ఎన్ని అంగుళాల గుంత పడితే మార్చి ఇస్తారో చదివి, బిల్లుతో సహా పెన్షన్ పేమెంట్ ఆర్డరున్న ఫైల్లోనే పెట్టుకోండి. ఇంట్లో పోకుండా ఉండే కాగితం అదొక్కటే గదా.